నేల సవరణ పదార్థాలు: సాగు భూముల్లో మట్టి కోత, పోషక నష్టాల నివారణ

నేల భౌతిక, రసాయనిక గుణాలను మార్చి సాగుకు అనువుగా చేయడానికి మట్టిలో కలిపే పదార్థాలను నేల సవరణ పదార్థాలు అంటారు. ఎరువు పైరు కోసం వేసేది, సవరణ పదార్థం నేల కోసం వేసేది. పశువుల ఎరువు, కంపోస్టు, పచ్చిరొట్ట, చెరువు మట్టి, జిప్సం, సున్నం, బయోచార్, కొన్ని రకాల పాలిమర్లు ఈ కోవలోకి వస్తాయి. పశువుల ఎరువు వంటివి రెండు పనులూ చేస్తాయి. చౌడు విరగడానికి జిప్సం వేయడం, పులిసిన నేలకు సున్నం చల్లడం రైతులకు పాత సంగతే. వాన నీటి వెంట మట్టి, మట్టి వెంట నత్రజని, భాస్వరం పొలం గట్టు దాటిపోకుండా ఆపడానికి కూడా ఇవి పనికొస్తాయన్న విషయానికి మాత్రం దక్కాల్సిన ప్రాచుర్యం దక్కలేదు. ఈ వ్యాసం ఆ కోణానికే పరిమితం.

సమస్య ఎంత పెద్దదో చెప్పే అంచనాల్లో ఎక్కువగా వినిపించేది 1983లో ధ్రువనారాయణ, రాంబాబు వేసిన లెక్క. దాని ప్రకారం దేశంలో ఏటా 533 కోట్ల టన్నులకు పైగా మట్టి తన చోటు నుంచి కదిలిపోతోంది. సగటున హెక్టారుకు 16 టన్నుల పైమాటే. ఇందులో దాదాపు 29 శాతం సముద్రం పాలవుతుంది, 10 శాతం జలాశయాల్లో పూడికగా చేరుతుంది, మిగిలిన 61 శాతం పైపొలం నుంచి దిగువ పొలానికో, వాగు పక్కకో మారుతుంది. మంజీర నది మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ 1970ల నాటికే తన నిల్వ సామర్థ్యంలో సగానికి మించి పూడికకు కోల్పోయింది. ఆ పూడికలో ఎగువ పొలాల పైమట్టి ఎంతో ఉంది.

చినుకు దెబ్బ

మట్టి కోత అనగానే గండి పడిన చేను, వాగు మింగిన ఒడ్డు గుర్తొస్తాయి. అంతకంటే ఎక్కువ నష్టం కంటికి ఆనని పలుచని పొరలుగా జరుగుతుంది. పెద్ద వాన చినుకు సెకనుకు 9 మీటర్ల దాకా వేగంతో నేలను తాకుతుంది. కోతకు తొలి కారణం పారే నీరు కాదని, ఈ చినుకు దెబ్బేనని 1940లలో అమెరికా శాస్త్రవేత్త ఎల్లిసన్ తన ప్రయోగాలతో నిరూపించాడు. చినుకు తగిలిన చోట మట్టి గుళికలు చితికిపోతాయి. వాటి నుంచి విడివడిన సన్నని రేణువులు నేలలోని సందుల్లోకి జారి వాటిని మూసేస్తాయి. వాన వెలిసి ఎండ కాసేసరికి ఆ పొర గట్టిగా పెచ్చు కడుతుంది. తర్వాతి వానకు నీరు ఇంకే దారి ఉండదు, పొలం మీదుగా పారుతుంది. పారే నీరు విడివడిన మట్టిని మోసుకుపోతుంది.

తెలంగాణ చల్కా నేలలు, అనంతపురం, కర్నూలు ప్రాంతాల ఎర్ర నేలలు ఇలా పెచ్చు కట్టడంలో ముందుంటాయి. వాటిలో ఇసుక పాలు ఎక్కువ, బంకమన్ను తక్కువ, సేంద్రియ కర్బనం చాలాచోట్ల 0.5 శాతం లోపే. మట్టి రేణువులను పట్టి ఉంచే బంధకాలు మూడు: బంకమన్ను, క్షయమైన సేంద్రియ పదార్థం నుంచి వచ్చే జిగురు, కాల్షియం. వీటికి శిలీంధ్రాల దారాలు, వేరు కొసలు తోడవుతాయి. ఎర్ర నేలల్లో మొదటి రెండూ కొరత. చౌడు నేలల్లో కాల్షియం ఉండాల్సిన చోట సోడియం తిష్ఠ వేస్తుంది కాబట్టి రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, తడి తగలగానే నేల బురదలా కరిగిపోతుంది. నల్లరేగడిలో బంకమన్నుకు కొదవ లేదు. పొడిగా ఉన్నప్పుడు నెర్రెల గుండా నీటిని బాగానే తాగుతుంది గానీ, ఒకసారి ఉబ్బిందంటే ఇంకుడు బాగా మందగిస్తుంది. సవరణ పదార్థాల పని అంతా ఈ బంధకాల్లో దేని లోటును అది పూడ్చడమే. ఏ నేలకు ఏ లోటో తెలియకుండా పదార్థాన్ని ఎంచుకోవడం వృథా ఖర్చు.

పోషకాలు పోయే రెండు దారులు

పోషకాలు మట్టికి అంటుకుని పోతాయి, లేదా నీటిలో కరిగి పోతాయి. భాస్వరంలో పెద్ద పాలు, సేంద్రియ రూపంలోని నత్రజని మొదటి దారిన పోతాయి. నైట్రేటు రెండో దారిన, అంటే పారే నీటితో గానీ, వేళ్లకు అందనంత లోతుకు ఇంకే నీటితో గానీ పోతుంది. నేలలో మొత్తం నత్రజని 0.05 శాతం అనుకుంటే, హెక్టారుకు 16 టన్నుల మట్టి కొట్టుకుపోయినప్పుడు 8 కిలోల నత్రజని పోయినట్టు. నిజానికి నష్టం ఇంకా ఎక్కువే. నీరు ముందుగా మోసుకుపోయేది తేలికైన సన్నని రేణువులను, సేంద్రియ పదార్థాన్ని. పోషకాలు అంటుకుని ఉండేది సరిగ్గా వాటికే. అందుకే కొట్టుకుపోయిన మట్టి, మిగిలిన మట్టి కంటే సారవంతంగా ఉంటుంది.

ఈ రెండు దారుల తేడా గుర్తు పెట్టుకోకపోతే సవరణ పదార్థాల మీద వచ్చిన పరిశోధన అర్థం కాదు. ఒక దారిని మూసిన పదార్థమే రెండో దారిని తెరిచిన సందర్భాలు ఉన్నాయి. వాటి గురించి చివర్లో చూద్దాం.

చెరువు మట్టి

కొట్టుకుపోయిన సన్నని బంకమన్నును, దానికి అంటిన సేంద్రియ పదార్థాన్ని తిరిగి పొలానికి చేర్చే పద్ధతి చెరువు మట్టి తోలకం. తెలుగు నేల ప్రపంచానికి చూపగలిగిన నేల సవరణ పద్ధతి ఏదని అడిగితే ముందు చెప్పాల్సింది దీన్నే. వేసవిలో చెరువు ఎండాక పూడికను తవ్వి, ఒకప్పుడు ఎడ్లబండ్ల మీద, ఇప్పుడు ట్రాక్టర్ల మీద చల్కా పొలాలకు తోలతారు. చెరువులో నీటికి చోటు దొరుకుతుంది, పొలానికి బంకమన్ను దొరుకుతుంది.

కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులతో నిండిన తెలంగాణలో ఈ పనికి ఇటీవల ఊపు తెచ్చింది మిషన్ కాకతీయ. 46,531 చెరువుల పునరుద్ధరణ లక్ష్యంగా 2015 మార్చి 12న సదాశివనగర్‌లో అది మొదలైంది. పూడిక తవ్వకం ఖర్చు ప్రభుత్వం భరించేది, పొలానికి తోలుకునే ఖర్చు రైతు పెట్టుకునేవాడు. ఆంధ్రప్రదేశ్‌లో నీరు–చెట్టు కార్యక్రమం కింద కూడా చెరువుల పూడిక పొలాలకు చేరింది.

ఎంత తోలాలి? ఎకరం పొలంలో 15 సెంటీమీటర్ల లోతు వరకు ఉండే మట్టి బరువు దాదాపు 900 టన్నులు. ఆ నేలలో బంకమన్ను 10 శాతం ఉందనుకుందాం. దాన్ని 15 శాతానికి పెంచాలి. చెరువు మట్టిలో బంకమన్ను 50 శాతం ఉంటే సుమారు 130 టన్నులు కావాలి. ట్రాక్టరుకు 3 టన్నుల లెక్కన 43 ట్రాక్టర్లు. రెండు మూడు ట్రాక్టర్లు తోలి, పైరులో తేడా రాలేదని నిరుత్సాహపడేవారు ఈ లెక్క చూడాలి. ఒక్క ఏడాదే అంతా తోలలేకపోతే పొలాన్ని ముక్కలుగా చేసుకుని ఏటా ఒక ముక్కను పూర్తి చేయడం, పొలమంతా పలచగా చల్లడం కంటే మేలు. మంచి సంగతి ఏమిటంటే, బంకమన్ను కుళ్లిపోయేది కాదు. కోతను అదుపులో పెట్టుకుంటే ఒకసారి తోలిన మట్టి ఏళ్ల తరబడి నీటిని, పోషకాలను పట్టి ఉంచుతుంది. వానకూ వానకూ మధ్య ఎడం వచ్చినప్పుడు పైరు మరికొన్ని రోజులు తట్టుకుంటుంది.

జాగ్రత్తలు లేకపోలేదు. నల్లరేగడికి ఈ మట్టి అక్కర్లేదు, తోలితే మురుగు సమస్య పెరుగుతుంది. ఉప్పు చేరిన చెరువుల పూడిక పొలాన్ని చౌడు చేస్తుంది. పట్టణాల మురుగు, పరిశ్రమల వ్యర్థాలు కలిసే చెరువుల పూడికలో భారలోహాలు ఉంటాయి, దాన్ని తిండి పంటల పొలాల్లోకి రానివ్వకూడదు. తోలిన మట్టిని కుప్పలుగా వదిలేయకుండా తొలకరికి ముందే పరిచి, గుంటకతోనో రోటవేటర్‌తోనో పైమట్టిలో కలపాలి. లేకపోతే మొదటి పెద్ద వానకే అది మళ్లీ చెరువు దారి పడుతుంది.

సేంద్రియ పదార్థాలు

పశువుల ఎరువు, గొర్రెల మంద, కంపోస్టు, పచ్చిరొట్ట నేలలో జిగురును పెంచుతాయి. బాగా చివికిన పశువుల ఎరువు టన్నులో ఇంచుమించు 5 కిలోల నత్రజని, 2 కిలోల భాస్వరం, 5 కిలోల పొటాష్ ఉంటాయి. అయితే కోత నివారణలో దాని విలువ ఈ అంకెల్లో లేదు. దాన్ని తినే సూక్ష్మజీవులు వదిలే జిగురు, పెరిగే శిలీంధ్రాల దారాలు మట్టిని గుళికలుగా కట్టడంలో ఉంది. ఆ జిగురు కూడా కొన్నాళ్లకు ఖర్చయిపోతుంది కాబట్టి సేంద్రియ పదార్థాన్ని ఏటా వేస్తూనే ఉండాలి.

ఎండ తీవ్రంగా ఉండే మన నేలల్లో కర్బనం నిలవదన్న మాట తరచూ వినిపిస్తుంది. అనంతపురంలో 1985 నుంచి సాగుతున్న దీర్ఘకాలిక ప్రయోగం దానికి సమాధానం. వేరుశనగ ఒక్కటే ఏటా పండిస్తూ, సిఫారసు చేసిన రసాయనిక ఎరువులో సగానికి హెక్టారుకు 4 టన్నుల వేరుశనగ పొట్టు జోడించిన మళ్లలో దిగుబడి నిలకడగా ఉంది, నేలలో కర్బనం పెరిగింది. బయట కొనాల్సిన సరుకు కాదది, ఆ పంట నుంచే వచ్చింది. కాయ మిల్లుకు పోయి పొట్టు ఇటుక బట్టీలకో, బాయిలర్లకో చేరిపోతే ఆ పొలానికి ఏమీ మిగలదు.

పచ్చిరొట్టగా జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి పూత దశలో, అంటే 45 నుంచి 50 రోజులకు కలియదున్నడం వరి ప్రాంతాల్లో అలవాటే. మెట్ట రైతుకు నీటి ఎద్దడి వల్ల అది కష్టం. అక్కడ గట్ల మీద గ్లిరిసిడియా పెంచి, దాని రెమ్మలు నరికి సాళ్లలో వేయడం ఎక్కువ అనువు. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సాగు కార్యక్రమంలో వానలకు ముందే పలు రకాల విత్తనాలు కలిపి చల్లే నవధాన్య పద్ధతి తొలకరి చినుకులకు నేల నగ్నంగా దొరక్కుండా చూస్తుంది.

గడ్డి, చొప్ప వంటి పంట అవశేషాలను నేల మీద పరిస్తే లాభం ఇంకో రకంగా వస్తుంది. చినుకు నేలను తాకక ముందే దాని ఊపు తగ్గిపోతుంది. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఎర్ర నేలల మీద జరిగిన ప్రయోగాల్లో, పారే నీటిని తగ్గించడంలో పశువుల ఎరువు కంటే వరిగడ్డి పరుపే బాగా పనిచేసింది. చిక్కల్లా ఆ గడ్డికి పశువులు కూడా ఎదురుచూస్తుంటాయి. పత్తి కట్టె, కంది కట్టె వంటివి పశువులు తినవు, పొలంలోనే తగలబెడతారు. వాటిని ముక్కలు చేసి పరచడం, లేదా బయోచార్‌గా మార్చడం తక్షణం చేపట్టదగిన పని.

బయోచార్ అంటే గాలి అందకుండా కాల్చిన కట్టె బొగ్గు. అమెజాన్ ప్రాంతపు ప్రాచీన ప్రజలు బొగ్గు, ఎముకలు, వంటింటి వ్యర్థాలు కలిపి తయారుచేసిన నల్ల నేలలు వందల ఏళ్ల తర్వాత కూడా సారవంతంగా ఉండటం దీనిపై ఆసక్తిని రేపింది. హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రీడా, పత్తి, కంది, ఆముదం కట్టెలను ఊళ్లోనే బొగ్గుగా మార్చే చిన్న కొలిమిని రూపొందించింది. బయోచార్ తేలిక. పైన చల్లి వదిలేస్తే నీటి మీద తేలుతూ కోతకు మొదట పోయేది అదే. మట్టిలో కలిపితేనే నీటిని, పోషకాలను పట్టి ఉంచే గుణం కనిపిస్తుంది.

జిప్సం

వేరుశనగ రైతుకు జిప్సం కొత్త కాదు. పూత, ఊడ దశలో ఎకరాకు 200 కిలోలు వేస్తే కాయ గట్టిపడుతుందని అందరికీ తెలుసు. అందులో సుమారు 23 శాతం కాల్షియం, 18 శాతం గంధకం ఉంటాయి. నేల కోతకు సంబంధించి జిప్సానికి ఉన్న ప్రత్యేకత కరగడం. లీటరు నీటిలో 2 గ్రాములకు పైగా కరుగుతుంది. వాన నీటిలో లవణాలు దాదాపు ఉండవు, ఆ స్వచ్ఛతే బంకమన్ను విడిపోవడానికి దోహదం చేస్తుంది. నేల మీద చల్లిన జిప్సం వాన నీటిలో కరిగి కాల్షియాన్ని అందిస్తూ రేణువులను గుదిగుచ్చి ఉంచుతుంది.

దీన్ని బాగా రుజువు చేసింది ఇజ్రాయెల్. నెగెవ్ ప్రాంతంలో గాలి మోసుకొచ్చిన సన్నని మట్టి (లోయెస్) నేలలు శీతాకాలపు వానలకు పెచ్చు కట్టి నీటిని పొలం బయటికి పంపేసేవి. షైన్‌బర్గ్, అగాసీ, మోరిన్ తదితరులు 1980లలో హెక్టారుకు 5 టన్నుల ఫాస్ఫోజిప్సం (ఎరువుల పరిశ్రమ ఉపఉత్పత్తి) నేల మీదే చల్లి పారే నీటిని, కోతను గణనీయంగా తగ్గించగలిగారు. కలియదున్నకుండా పైనే ఉంచడం అక్కడి కిటుకు, ఎందుకంటే పెచ్చు కట్టేది పైపొరే.

కారు చౌడు నేలల్లో మోతాదు వేరు. హర్యానా, ఉత్తరప్రదేశ్ మైదానాల్లో కర్నాల్‌లోని కేంద్రీయ మృత్తిక లవణీయత పరిశోధన సంస్థ అనుభవం ప్రకారం హెక్టారుకు 10 నుంచి 15 టన్నుల దాకా అవసరం కావచ్చు. మట్టి పరీక్షతోనే ఆ లెక్క తేలుతుంది. జిప్సం వేసి నీరు నిలగట్టి, విడివడిన సోడియం కిందికి కొట్టుకుపోయేలా మురుగు కాలువ తీయాలి. కాలువ లేకుండా జిప్సం వేయడం వల్ల ప్రయోజనం ఉండదు.

అమెరికాలో జిప్సం వాడకానికి కారణం తాగునీరు. 2014 ఆగస్టులో ఈరీ సరస్సులో నాచు విషం చేరి, టొలెడో నగర పరిధిలో నాలుగు లక్షల మందికి పైగా కుళాయి నీరు తాగొద్దని హెచ్చరించాల్సి వచ్చింది. మౌమీ నదీ పరీవాహక పొలాల నుంచి వచ్చే భాస్వరం ఆ నాచుకు ప్రధాన ఆహారం. జిప్సం కాల్షియం కరిగిన భాస్వరాన్ని కొంత పట్టి ఉంచుతుందని తేలడంతో, ఒహాయోలో థర్మల్ విద్యుత్ కేంద్రాల పొగ శుద్ధిలో వచ్చే జిప్సాన్ని పొలాల్లో వాడే ప్రయత్నాలు పెరిగాయి. మన వైపు విశాఖపట్నం ఎరువుల పరిశ్రమలో ఉపఉత్పత్తిగా వచ్చేది ఫాస్ఫోజిప్సం. ముడి ఖనిజాన్ని బట్టి దానిలో ఫ్లోరైడు, స్వల్ప రేడియోధార్మికత ఉండవచ్చు కనుక పరీక్షించిన సరుకునే వాడాలి.

పాలిమర్లు, సున్నం, ఆలం

మట్టిని కట్టి ఉంచే కృత్రిమ పదార్థంగా 1950ల ఆరంభంలో మోన్‌శాంటో తెచ్చిన క్రిలియం పెద్ద సంచలనం రేపింది, ధర వల్ల పొలాలకు చేరలేదు. నలభై ఏళ్ల తర్వాత ఐడహో రాష్ట్రం కింబర్లీలో లెంజ్, సోజ్కా వేరే దారి పట్టారు. పొలమంతా చల్లకుండా, బోదె సాళ్లలో పారించే తొలి నీటిలోనే 10 పీపీఎం పాలీఆక్రిలమైడ్ కలిపారు. మూడేళ్ల ప్రయోగాల్లో సాళ్ల కోత 94 శాతం తగ్గింది, నీరు ఇంకడం 15 శాతం పెరిగింది. హెక్టారుకు కిలో చిల్లర చాలింది. రుణావేశం ఉన్న రకాన్నే వాడాలి, ధనావేశ రకం చేపల మొప్పలకు అంటుకుని చంపుతుంది. విషపూరితమైన ఆక్రిలమైడ్ మూలాణువు 0.05 శాతం మించకూడదు. వాలు సాళ్లలో కాలువ నీరు పారించే చోటుకు ఇది సరిపోతుంది. వర్షాధార చేనుకు ఇది అందుబాటులో ఉన్న పరిష్కారం కాదు.

సున్నం ఆమ్ల నేలలకే. వేళ్లను కుదించే అల్యూమినియాన్ని అణచి పైరును దట్టంగా పెంచుతుంది, ఆ దట్టమైన పైరే నేలకు కప్పు. ఆలం, అంటే పటిక, కోళ్ల పెంటలో కలిపేది. అర్కాన్సాస్‌లో 1990లలో ఫిలిప్ మూర్ బృందం చేసిన పనిలో, పటిక కలిపిన పెంట వేసిన పొలాల నుంచి కరిగిన భాస్వరం నష్టం మూడొంతుల మేర తగ్గింది. కోళ్ల పరిశ్రమ దట్టంగా ఉన్న గోదావరి జిల్లాలకు ఈ విషయం నేరుగా పనికొస్తుంది. ఆక్వా చెరువులు, తాగునీటి కాలువలు అక్కడ పక్కపక్కనే ఉన్నాయి.

ఒక దారి మూస్తే ఇంకో దారి

నీరు ఎక్కువగా ఇంకేలా చేసే ఏ పదార్థమైనా నైట్రేటును కూడా లోతుకు పంపగలదు. భూగర్భ జలంలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితి దాటిన బావులు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి. అందుకే నేలను సవరించిన పొలంలో యూరియా ఒకేసారి గుప్పించకుండా విడతలుగా వేయడం తప్పనిసరి. అలాగే దున్నకుండా పైన చల్లిన పచ్చి పెంట మట్టి కోతను తగ్గిస్తూనే, ఆ వెంటనే వాన పడితే కరిగిన భాస్వరాన్ని ఎక్కువగా పంపిస్తుంది. ఎరువు మోతాదును నత్రజని అవసరాన్ని బట్టి లెక్కిస్తే భాస్వరం ఏళ్ల తరబడి పేరుకుపోవడం కూడా ఈ సమస్యలో భాగమే.

ఏ సవరణ పదార్థమూ వాలును మార్చలేదు. ఇక్రిశాట్‌లో 1976 నుంచి నల్లరేగడి మీద సాగుతున్న పరీక్షలో ఏటా హెక్టారుకు కొట్టుకుపోయే మట్టి సంప్రదాయ పద్ధతిలో 6.6 టన్నులు. వెడల్పు బోదెలు, కాలువలు, వానాకాలంలోనూ పైరు, తగిన ఎరువులు కలిసిన పద్ధతిలో అది 1.5 టన్నులే. అక్కడ ఏ ఒక్క పదార్థమో చేసిన మేలు కాదది, వాలుకు అడ్డంగా సాగడం, నేల కప్పి ఉండటం, పైరుకు పోషకాలు అందడం కలిసి చేసినది. గట్టు తెగిన చేనులో జిప్సం వేసే డబ్బుతో ముందు గట్టు వేయించడం సబబు.

ఎంపిక

ఎర్ర చల్కా నేలకు చెరువు మట్టి, ఏటా ఏదో ఒక సేంద్రియ పదార్థం. కారు చౌడుకు జిప్సం, మురుగు కాలువ. నల్లరేగడికి కంపోస్టు, అవశేషాల పరుపు, బోదెలు. ఇసుక పాలు మరీ ఎక్కువైన దుబ్బ నేలలకు చెరువు మట్టి, బయోచార్ కలిపి. ఈ ఎంపికలన్నిటికీ ముందు జరగాల్సింది మట్టి పరీక్ష. అందులోనూ ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం చూపే పత్రం చేతికి రావాలి. చెరువు మట్టి తోలేవారు చెరువు నమూనాను కూడా పరీక్షకు ఇవ్వాలి. నమూనాలు తీయడానికి అనువైన కాలం పంట కోత తర్వాత, మార్చి నుంచి మే వరకు. ఫలితం చేతికొచ్చి, తోలకం, కలియదున్నడం అన్నీ తొలకరికి ముందే ముగిసేలా పని మొదలుపెట్టాలి.